ముద్ర గట్టిపడే లోపు

తెప్పలపేట, పన్నెండో బార్జీ. సరంగు పోతాబత్తుల వరహాలమ్మ రాసుకుంటున్నది.

ఆశ్వయుజ బహుళ నవమి. తూర్పుగాలి.

బార్జీ అడుగున నీళ్ళు మోకాలి కిందికి వచ్చాయి. పొద్దున్నే రెండు పంపులూ వేసి తోడించాం. ఎడమవైపు అతుకు దగ్గర మళ్ళీ ఊరుతోంది. తారులో కొబ్బరిపీచు కలిపి కూరాను. ఎన్నాళ్ళాగుతుందో చూడాలి.

ముప్పై గడపల వాళ్ళం ఉన్నాం దీని మీద. గడప అనడమే గానీ గడపలెక్కడివి, అన్నీ గుడ్డ తెరలే. మా ఇళ్ళున్న తెప్పల వరస నాలుగేళ్ళ కిందటి తుఫానులో విడిపోయి చెల్లాచెదురైంది. నెల్లాళ్ళు సర్దుకోమని పంచాయతీ వాళ్ళు ఈ సరుకుల బార్జీ ఎక్కించారు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు తరుముకుంటున్నారు.

ఇవాళ నీటిఓడ మీద పంపు బిగుసుకుపోయిందని నన్ను పిలిచారు. ఉప్పునీటిని తాగే నీళ్ళు చేసేది ఊరు మొత్తానికి ఆ ఓడ ఒక్కటే. సముద్రం రామచంద్రపురం దాకా వచ్చి కూర్చున్నాక నేలమీద బావి అన్నమాటే లేదు కదా. ఓడ నడిపేది నాగవేణి. ఓలేటి భీమశంకరం గారి కోడలు. మొగుడు ఆ తుఫానులోనే పోయాడు. నేను వెళ్ళేసరికి తనే కిందికి దిగి పంపు సగం విప్పేసి, మోచేతుల దాకా గ్రీజుతో ఉంది.

"ఈ ఇరుసు ఒక్కటీ రావట్లేదు వరహాలక్కా. ఎంత లాగినా నా వల్ల కావట్లేదు" అంది.

పైన తన పాప ఏడుపు వినపడి తను మెట్లెక్కింది. నేను ఇంజను పెట్టె మూత తీశాను. మూత తీస్తే ఏ యంత్రమైనా ముందు యజమాని పేరు చెబుతుంది. లోపల ఎవరి ముద్ర ఉంటే వాళ్ళ మాటే వింటుంది. ఎవరో పై ఊరి కంపెనీ పేరు వినపడుతుందనుకున్నాను.

"యజమాని ఓలేటి నాగవేణి. మునుపటి యజమాని ఓలేటి భీమశంకరం. బదిలీకి పుచ్చుకున్న వెల ఏమీ లేదు. ముద్ర గట్టిపడేది ఈ కార్తీక పౌర్ణమి సూర్యాస్తమయానికి."

చేతిలో పానా జారి నీళ్ళలో పడింది.

మా తెప్పల వరస కట్టిన కాంట్రాక్టరు భీమశంకరం గారే. స్టీలు బోల్టులు వెయ్యాల్సిన చోట పోత ఇనుము బోల్టులు వేశాడు. తుఫానుకి అవి పటపటా విరిగిపోయాయి. ముప్పై ఇళ్ళూ మళ్ళీ కట్టివ్వాలని పంచాయతీ తీర్పు చెప్పింది. ఆయన చేతులు జోడించి, "నీటిఓడ ఎప్పుడో పైవాళ్ళకి అమ్మేశానండీ. మేం జీతానికి నడుపుతున్నాం. నా దగ్గర చిల్లిగవ్వ లేదు" అన్నాడు. నమ్మాం. లేనివాడి దగ్గర ఏం పట్టుకుంటామని ఊరుకున్నాం.

పంపు బాగుచేసి వచ్చేశాను. నాగవేణితో ఏమీ అనలేదు.

బహుళ ఏకాదశి. గాలి లేదు, ఉక్క.

న్యాయపడవకి వైర్‌లెస్ చేశాను. మన తీరమంతా తిరిగి కేసులు వినే కోర్టు అది. తబస్సుమ్ గారని గుమాస్తా పలికింది. గొంతు వింటే చిన్నపిల్లే అనిపించింది గానీ ఓపిక చాలా ఉంది.

నేను చెప్పిందంతా విని, "నాలుగేళ్ళమ్మా" అంది. "బాకీ ఎగ్గొట్టడానికి ఆస్తి ఇంకొకళ్ళ పేర పెడితే, పెట్టిన రోజు నుంచి నాలుగేళ్ళ లోపు ఫిర్యాదు చెయ్యాలి. అది దాటితే ముద్ర గట్టిపడిపోతుంది. ఆ తర్వాత జడ్జిగారు చెప్పినా యంత్రం వినదు."

"మాకు మొన్ననే కదండీ తెలిసింది!"

"తెలిసిన నాటి నుంచి ఏడాది అని ఇంకో వెసులుబాటు ఉందమ్మా. కానీ..." కాసేపు ఏవో వెతికింది. "మీ రేవు మైకులో ఈ బదిలీ గురించి చాటింపు వేశారు. అది రికార్డయి ఉంది. చాటింపు వేస్తే అందరికీ తెలిసినట్టే లెక్క."

ఎప్పుడు వేశారని అడిగాను. తుఫాను వెళ్ళిన వారంలోనేనట. పంచాయతీ ఇంకా కూర్చోనే లేదు.

"ఆ వారం మేం మా తమ్ముడి శవం కోసం మడ అడవుల్లో తిరుగుతున్నామండీ" అన్నాను. "మైకు ఎవరు విన్నారు?"

"నాకు తెలుస్తోందమ్మా. కానీ చట్టంలో దానికి గడి లేదు" అంది.

"అసలీ గడువెందుకు పెట్టారండీ?"

"తీసుకున్నవాళ్ళు కూడా ఎప్పటికో అప్పటికి నిశ్చింతగా పడుకోవాలి కదమ్మా. ఏ రోజు ఎవరొచ్చి తలుపు కొడతారో అని జీవితమంతా భయపడుతూ బతకలేరు."

"మాకు కొట్టడానికి తలుపే లేదండీ" అన్నాను. కోపంగా అనలేదు. ఆ పిల్ల తప్పేముంది.

న్యాయపడవ కార్తీక ద్వాదశికి తెప్పలపేట వస్తుందట. దూరం నుంచి ఫిర్యాదు చెల్లదు. మనుషుల గొంతులూ మొహాలూ యంత్రాలు అచ్చుగుద్దినట్టు తయారుచెయ్యడం మొదలయ్యాక, మనిషి స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తేనే కోర్టు నమ్ముతోంది.

"ద్వాదశికి సిద్ధంగా ఉండండమ్మా. పౌర్ణమికింకా టైముంది" అంది తబస్సుమ్ గారు.

అమావాస్య. దీపావళి.

చమురు దీపాలు వెలిగించనివ్వలేదు నేను. గుడ్డ తెరలు, ఒక్క రవ్వ చాలు. పిల్లలు అలిగారు. సాయంత్రం అందరినీ పైకి పిలిచి విషయం చెప్పాను.

ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరూ ఒక్కసారే అరిచారు. కుర్రాళ్ళు నలుగురు లేచి, ఇప్పుడే వెళ్ళి ఓడ లాక్కొచ్చేద్దామన్నారు.

"లాక్కొచ్చి?" అంది సూరాయమ్మ పిన్ని. వల అల్లుతున్న చెయ్యి ఆపలేదు. ఆ తుఫానులో ఆవిడ మొగుడు పోలయ్య పోయాడు. బార్జీ మీద ఆవిడ మాటంటే అందరికీ గురి. "ఓడ నీ మాట వింటదా? ఆ పిల్ల మాట వింటది. ఓ గునపం పోటు పొడిస్తే రేపు నీ పిల్లలేం తాగుతారు?"

"మరి చూస్తా కూచోమంటావా అత్తా?"

"నాలుగేళ్ళు కూచున్నాం. ద్వాదశి దాకా కూచోలేమా?"

సరే అన్నారు. కానీ ఆ తర్వాత ఎవరూ మామూలుగా లేరు. నీళ్ళు కొనేది మన బాకీ ఓడ దగ్గరే అని తెలిశాక గ్లాసు ఎత్తితే గొంతు దిగట్లేదు.

కార్తీక శుద్ధ పంచమి. ఈశాన్యపు గాలి.

బార్జీ మీద మాట దాగదు. భీమశంకరం గారు చిన్న పడవ తనే వేసుకుని వచ్చారు. ఒకప్పుడు ఆయన నడుస్తుంటే నలుగురు వెనకాల నడిచేవాళ్ళు. ఇప్పుడు పడవలో ఆయన ఒక్కరే. కుర్రాళ్ళు పైకి రానివ్వొద్దన్నారు. నేనే నిచ్చెన వేశాను.

"నీకు తెలిసిందన్నారు వరహాలమ్మా" అన్నారు, కూర్చోకుండానే.

"తెలిసిందండి."

"బాకీ లేనని నేనెప్పుడూ అనలేదు. బోల్టులు మార్చింది నేనే. ఒక్క ఏడు ఆగుతాయిలే, తర్వాత మంచివి వేద్దామనుకున్నాను. తుఫానెళ్ళిన మూడోనాడు మావాడు దొరికాడు. వాణ్ణి సాగనంపి ఇంటికొచ్చేసరికి కోడలు ఓ మూల కూచునుంది, కడుపుతో. అప్పుడు నాకు మీరెవరూ గుర్తు రాలేదు. ఈ పిల్లకి ఏదో ఒకటి మిగలాలి, అంతే. పంచాయతీ పడకముందే ఓడ తన పేర పెట్టేశాను. 'నీ మొగుడి వాటా, ఆయనే రాసిపెట్టాడు' అని చెప్పాను. తనకి ఇంకేం తెలీదు."

నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కళ్ళెదుట నిలబడ్డది కొడుకు పోయిన మనిషి.

"మీ కోడలికి ఏదో ఒకటి మిగలాలనుకున్నారు. మాకేం మిగలాలండీ మరి?" అన్నాను.

"అదే అడుగుదామని వచ్చాను. పౌర్ణమి వెళ్ళిపోనీ అమ్మా. తర్వాత నా రెక్కల కష్టంతో ఏడాదికో ఇల్లు కట్టిస్తాను."

వెనక నుంచి సూరాయమ్మ పిన్ని నవ్వింది. "ఏడాదికొకటా బాబుగారూ? తమరికి అరవై దాటాయి. నాకు డెబ్భై. మనిద్దరం ఎన్నో ఇంటికి ఉంటామంటారు?"

ఆయన వెనక్కి తిరిగారు. నిచ్చెన దిగుతుంటే ఒక మెట్టు తప్పారు. కుర్రాళ్ళలో ఒకడు చటుక్కున రెక్క పట్టుకుని పడవలో దింపాడు. దింపి, దింపినందుకు వాడే చిరాకుపడ్డాడు.

శుద్ధ ద్వాదశి. గాలి తిరిగింది. ఆకాశం ఇత్తడి రంగు.

న్యాయపడవ రాలేదు.

బంగాళాఖాతంలో తుఫాను. తబస్సుమ్ గారే పిలిచి చెప్పింది, పడవ విశాఖ కొండల చాటున లంగరేసిందని. తుఫాను దాటేదాకా కదలనివ్వరు.

"అయితే పౌర్ణమికి?"

"రాలేమమ్మా."

"తుఫాను వస్తే గడువు పెంచరా?"

"పడవకి కారణం చెప్పగలం. యంత్రానికి చెప్పలేం. అది సూర్యాస్తమయం చూసుకుని గట్టిపడిపోతుంది." తర్వాత మెల్లగా అంది: "ఇంకొక్క దారి ఉందమ్మా. యజమాని తనంతట తను ముద్ర ఆపమని చెబితే ఆగుతుంది. ఫిర్యాదు తేలేదాకా మెత్తగానే ఉంటుంది. యజమానీ, బాకీ రావలసినవాళ్ళలో ఒకరూ కలిసి వేళ్ళు పెట్టాలి. కానీ ఊరికే కూచుంటే ఆస్తి దక్కేవాళ్ళు అలా ఎందుకు చేస్తారు? నేను ఒక్కసారే చూశాను ఇన్నేళ్ళలో."

పడవ వేసుకుని నీటిఓడకి వెళ్ళాను. ఓడ లోపలి రేవులో, మడ చెట్ల చాటున భద్రంగా ఉంది. నాగవేణి పాప మువ్వకి జడ వేస్తోంది. నన్ను చూసి నవ్వబోయి ఆగింది.

"మావయ్యగారు నిన్న చెప్పారక్కా. అంతా చెప్పారు."

"అయితే నేను వచ్చిందెందుకో కూడా తెలుసు నీకు."

జడ సగంలో వదిలేసింది. "నాలుగేళ్ళుగా ఈ ఓడ నా చేతుల మీద నడుస్తోంది. నాకిచ్చినప్పుడు ఉప్పు వడకట్టే జల్లెడలు సగం చిరిగే ఉన్నాయి. నా మెళ్ళో గొలుసూ, చేతి గాజులూ అమ్మి కొత్తవి వేయించాను. పాప పుట్టిన పదకొండో రోజున ట్యాంకులో దిగి తుప్పు గీకాను. అదంతా మీదేనా ఇప్పుడు?"

"నీ కష్టం మాకొద్దమ్మా. మా ఇళ్ళ మాట..."

"కోర్టుకెళితే వాళ్ళు నా కష్టం విడిగా తీస్తారా? తీస్తారని రాసిస్తావా?"

రాసివ్వలేను. అదే చెప్పాను.

"నాకు దీన్ని పెంచాలక్కా" అంది మువ్వని దగ్గరకి లాక్కుని. "నేనెవరి దగ్గరా దొంగిలించలేదు. నువ్వెళ్ళిపో. నన్ను అడగొద్దు."

వచ్చేశాను. తన చోట నేనున్నా అదే అనేదాన్నేమో. ఆ ముక్క బార్జీ మీద వాళ్ళకి చెప్పలేదు. ఒప్పుకోలేదని మాత్రం చెప్పాను.

చతుర్దశి. రాసే చోటు నీటిఓడ మీద.

నిన్న మధ్యాహ్నానికే గాలి ఈల వెయ్యడం మొదలెట్టింది. మా బార్జీ బయటి కట్ట పక్కన ఉంటుంది, అలకి ముందు తగిలేది మేమే. తాళ్ళు రెట్టింపు చేశాం. ముసలివాళ్ళనీ పిల్లల్నీ మధ్యలో కూర్చోబెట్టి నడుములకి మోకు చుట్టాం.

నేను కూరిన అతుకు మొదట ఊడింది. రెండు పంపులూ వేసినా నీళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి. రేవు వాళ్ళని పిలిస్తే, లాగే పడవ బయటికి రాలేదన్నారు. వినపడిన వాళ్ళు ఎవరైనా రండి అని వైర్‌లెస్‌లో అరుస్తూనే ఉన్నాను. ఎంతసేపు అరిచానో తెలీదు. పక్కన ఎవరో పిల్లాడు నా గొంతు విని భయపడి, నాకంటే గట్టిగా ఏడ్చాడు.

వానలోంచి ముందు దీపం కనపడింది. తర్వాత ఓడ. అంత పెద్ద ఓడ ఆ అలల మీద గిన్నెలా ఊగుతూ వచ్చి, మాకూ గాలికీ మధ్య అడ్డంగా నిలబడింది. దాని చాటుకి రాగానే మా మీద గాలి సగానికి సగం తగ్గిపోయింది.

"మోకు అందుకోండి!" అని పైనుంచి అరుపు. భీమశంకరం గారు. అంచుమీద బోర్లా పడుకుని మోకు విసురుతున్నారు. రెండుసార్లు తప్పింది. మూడోసారి మావాళ్ళకి అందింది.

ఒక్కొక్కళ్ళని ఎక్కించాం. పిల్లల్ని బుట్టల్లో లాగాం. సూరాయమ్మ పిన్ని చెయ్యి ఓడకీ బార్జీకీ మధ్య పడి విరిగింది. చివరికి నేనెక్కాను. నేనెక్కిన కాసేపటికి బార్జీ ఒక పక్కకి ఒరిగి, కట్ట రాళ్ళ మీదికి వెళ్ళి రెండు ముక్కలైంది. శబ్దం కూడా వినపడలేదు, గాలి అంతలా ఉంది.

అందరం ఉన్నాం. పేర్లు పిలిచి చూసుకున్నాం. ఒక్కళ్ళు కూడా పోలేదు.

ట్యాంకుల గదిలో అందరం ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. నాగవేణి నడిపే గదిలోంచి తెల్లారి గానీ కిందికి రాలేదు. మెట్ల మీదే కూలబడింది. అరిచేతులు చక్రం పట్టుకుని పట్టుకుని బొబ్బలెక్కి ఉన్నాయి. ఏ తల్లి బిడ్డో పాకుతూ వచ్చి ఆమె చీర మీద కక్కుకున్నాడు. తుడిచి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని, అలాగే గోడకి ఆనుకుని నిద్రపోయింది.

భీమశంకరం గారు నా పక్కకి వచ్చి చెప్పారు. "నువ్వు అరుస్తుంటే విన్నాం. వద్దన్నాను నేను. ఓడకేమన్నా అయితే పాపకేం మిగలదన్నాను. తను నా వంక ఒక్కసారి చూసింది. నేనే లేచి లంగరెత్తాను."

కార్తీక పౌర్ణమి. గాలి పడిపోయింది. ఎండ.

ఓడ పైభాగమంతా తడిబట్టలు ఆరేశాం. వంటలన్నీ ఒకే పొయ్యి మీద. ఇవాళ పౌర్ణమి అని ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు.

కుర్రాళ్ళే ముందొచ్చారు నా దగ్గరికి. "అక్కా, ఆవిణ్ణి అడక్కు" అన్నారు. ఓడ లాక్కొద్దామన్నవాళ్ళే. సూరాయమ్మ పిన్ని కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ప్రాణాలు తీసుకొచ్చి ఒడ్డున పెట్టిన మనిషిని ఇంకా ఇల్లు పెట్టమని ఏ మొహంతో అడుగుతామే?" అంది.

"బార్జీ కూడా పోయింది పిన్నీ."

"తెలుసు."

వద్దంటే వద్దన్నారు అందరూ. సరే అన్నాను. మా ముప్పై గడపల ఇళ్ళూ ఇవాళ్టితో పోయినట్టే. నా మనసు ఒప్పుకోలేదు. పంపు దగ్గర పనేమన్నా ఉందేమోనని కిందికి పోయాను. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దు వాలుతుంటే నాగవేణి కిందికి వచ్చింది. చేతులకి గుడ్డలు చుట్టుకుని ఉంది.

"పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ఒక్కళ్ళూ నోరెత్తరేంటక్కా?" అంది.

"నువ్వే అడగొద్దన్నావు కదమ్మా."

"అడిగితే పోట్లాడదామనుకున్నాను. పొద్దున ఒకావిడ నాకు అన్నం కలిపి పెట్టింది, చేతులు బాలేదని. మీ బార్జీ మనిషే. పేరు కూడా తెలీదు నాకు." మెట్ల మీద కూర్చుంది. "మీరు అరిచి గోల చేసుంటే నేను తలుపేసుకుని కూచునేదాన్ని. హాయిగా ఉండేది."

పానా పక్కన పెట్టాను.

"ఓడ ఇచ్చెయ్యట్లేదు నేను" అంది గట్టిగా. "ఆ మాట స్పష్టంగా విను. కోర్టులో నా మాట నేను చెప్పుకుంటాను. నా గొలుసు, నా గాజులు, నా నాలుగేళ్ళు అన్నీ అడుగుతాను. నీతో పోట్లాడతాను. కానీ పొద్దు గుంకిందని గెలవడం నాకొద్దు. రేపు మువ్వ అడిగితే ఏం చెప్పను, వాళ్ళు రాలేకపోయారు కాబట్టి మనదైందని చెప్పనా?"

ఇంజను పెట్టె మూత తీసింది. గుడ్డ విప్పి బొబ్బలెక్కిన వేలు పెట్టింది. నేను పక్కన నా వేలు పెట్టాను.

"ముద్ర ఆపమంటారా?" అంది యంత్రం.

"ఆపు."

"ఆపితే ఆస్తి చేజారే అవకాశం ఉంది. ఆపమంటారా?"

"ఆపమన్నానా!" అని కసిరింది దాన్ని. తర్వాత ఏడ్చేసింది. నేను పట్టుకున్నాను. పైనుంచి మువ్వ "అమ్మా" అని పిలిచేదాకా అలాగే ఉన్నాం.

మార్గశిర శుద్ధ దశమి. చలిగాలి.

ఇవాళ న్యాయపడవ మీద మా కేసు. తబస్సుమ్ గారిని మొదటిసారి చూశాను. అనుకున్నంత చిన్నపిల్ల కాదు, తలలో నెరసిన వెంట్రుకలున్నాయి. నా రెండు చేతులూ పట్టుకుని, "రెండోసారి చూశానమ్మా ఇది" అంది.

భీమశంకరం గారు ఏదీ దాచలేదు. పైవాళ్ళకి అమ్మానన్నది అబద్ధమనీ, బాకీ తప్పించడానికే పేరు మార్చాననీ, కోడలికి ఏమీ తెలియదనీ చెప్పారు. చెప్పి కూర్చోబోతే జడ్జిగారు, "ఇంకేమైనా చెప్పుకుంటారా?" అన్నారు. "నా కొడుకుని కూడా ఆ బోల్టులే చంపాయండీ" అన్నారాయన. అంతే.

నాగవేణి పోట్లాడుతానన్న మాట నిలబెట్టుకుంది. ప్రతి జల్లెడకీ, ప్రతి పైపుకీ తను పెట్టింది అడిగింది. నాలుగేళ్ళ జీతం అడిగింది. మా తరఫున నేను లేచి, ఆ జల్లెడలు తనే వేయించిందని నా కళ్ళతో చూశానని చెప్పాను. అటు సాక్ష్యమా ఇటు సాక్ష్యమా నీది అని మావాళ్ళలో ఒకడు గొణిగాడు.

తీర్పు మధ్యాహ్నానికి వచ్చింది. కోడలికి తెలియకపోయినా వెల ఇవ్వకుండా పుచ్చుకుంది కాబట్టి బదిలీ చెల్లదు. అయితే మొత్తం కాదు, మా బాకీ మేరకే చెల్లదు. ఓడ నడపడం నాగవేణిదే. తన జీతం, తను పెట్టిన సొమ్ము ముందు తనకి. మిగిలిన రాబడి మా ఇళ్ళకి. ముప్పయ్యో ఇల్లు లేచిన రోజు ఓడ పూర్తిగా తనదవుతుంది. ఇళ్ళు కట్టే పనిలో భీమశంకరం గారు కూలి లేకుండా చెయ్యాలి. బోల్టులు మాత్రం పంచాయతీ కొంటుంది.

మావాళ్ళు కొందరు సంబరపడ్డారు, కొందరు ఇన్నేళ్ళు పడుతుందా అని నీరుగారిపోయారు. రెండూ నిజమే.

వైశాఖం, మొదటి వారం. ఉప్పుగాలి, వేడి.

నాలుగు ఇళ్ళు లేచాయి. చీట్లు వేస్తే సూరాయమ్మ పిన్నికి ఒకటి వచ్చింది. నాకు రాలేదు. మిగతావాళ్ళం పంచాయతీ ఇచ్చిన రేకుల పడవ మీద ఉంటున్నాం. ఇది కారదు.

భీమశంకరం గారు ఎండలో వంగి బోల్టులు బిగిస్తారు. బిగించిన ప్రతిదాన్నీ కుర్రాళ్ళు మళ్ళీ పానా పెట్టి చూస్తారు. ఆయన పక్కకి జరిగి చోటిస్తారు.

ఇవాళ కొత్త ఇళ్ళకి నీటి పైపు కలపడానికి నాగవేణీ నేనూ కలిసి దిగాం. పైపు కింద భుజం పెట్టి మోస్తూ అడిగాను. చాలా రోజుల్నుంచీ అడగాలని ఉంది.

"ఆ రోజు నువ్వు వేలు పెట్టకపోయుంటే ఈపాటికి ఓడంతా నీది. ఎప్పుడైనా అనిపిస్తుందా?"

"రోజూ అనిపిస్తుందక్కా" అంది. "నెలాఖరున మరీను."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే పైపు జారింది.

"పట్టుకో, పట్టుకో!" అని అరిచింది. పట్టుకున్నాను. తను అతుకు కలిపి తిప్పింది, నేను బిగించాను. కలిసింది.